ఎదురొస్తే దిగే మనిషి

బడికి పోని నాకు ఇంట్లో అక్షరాలూ, వీధిలో సైకిలూ నేర్పింది మా మేనమామ. ఆ మేలు మరువను. కానీ ఆయనతో సైకిల్ మీద ఎక్కడికైనా వెళ్ళడమంటే ఓపికకు పరీక్షే. దారిలో పెద్దవాళ్ళెవరు ఎదురైనా, ముక్కూ మొహం తెలియకపోయినా, దిగి పలకరించనిదే కదిలేవాడు కాదు.

అమ్మకు నయమైతే హొసకోటె అవతల గుట్ట మీది స్వామికి ఉపవాసంతో వచ్చి దీపం పెడతానని మొక్కుకున్నాను. స్వామి దయ, నయమైంది. తెల్లవారుతూనే మా ఊరు కాడుగోడి నుంచి ఇద్దరం సైకిల్ మీద బయలుదేరాం. నీలగిరి చెట్ల తోపుల్లో గొర్రెల కాపరి కోసం దిగాడు. పుల్లలేరుకునే అవ్వ కోసం దిగాడు. గుట్ట కిందికి చేరేసరికి పూజారి గుడికి తాళం వేసి వస్తున్నాడు. ఆయన కోసమూ దిగాడు. వానల గురించి తీరిగ్గా మాట్లాడి సాగనంపాడు.

"తలుపు తీయమని అడగచ్చు కదా మామా?"

"అన్నానికి పోతా ఉండాడు పాపా. ఆకలితో ఉండే మనిషిని వెనక్కి తిప్పేదా? సామి యాడికి పోతాడు?"

ఉపవాసమున్నది నేను.

ఇప్పుడు మామ లేడు. ఆ రోజు పెట్టలేకపోయిన దీపం పెట్టాలని ఒక్కదాన్నే సైకిల్ మీద వెళుతుంటాను. తోపుల్లో ఎవరైనా పెద్దవాళ్ళు కనిపిస్తే నా కాలు దానంతటదే నేలకు ఆనుతుంది. ఇంతవరకూ ఒక్కసారీ వేళకు చేరలేదు.