ఇంజను ఆయనది, ఎడమ కాలు నాది

మా సారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున, మహబూబాబాద్ దవాఖానలో, కూతురు చెంచాతో పాలు పట్టిస్తుంటే తల పక్కకు వాల్చారట. తొంభై దాటిన మనిషి, పోవడంలో వింతేముందని ఊళ్లో అంటున్నారు. వాళ్ల మాట నిజమే. నాకే ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

గార్లలో ఆయనది మా పక్కిల్లు. ఆరో తరగతిలో నాకు లెక్కలు చెప్పారు. నాకు రాలేదు, అది ఆయన తప్పు కాదు. పెద్దయ్యాక ఒక కారు కొనుక్కుని కిరాయికి నడుపుకుంటున్నాను. వారానికి మూడు రోజులు కిడ్నీలు పాడైనవాళ్లను డయాలసిస్‌కు మహబూబాబాద్ తీసుకెళ్లి, మళ్లీ ఇళ్లకు చేరుస్తాను.

సారు ఎడమ మోకాలు వంగదు. సాయుధ పోరాటం రోజుల్లో, మీసాలు కూడా సరిగా రాని వయసులో, దళానికి చీటీలు మోస్తుంటే ఆ మోకాట్లో తూటా దిగింది. భూపాలపల్లి అడవి పక్క తండాలో ఒక లంబాడీ అవ్వ పసరు కట్టి, గడ్డివాములో దాచి బతికించింది. ఆమె కొడుకు వీపున వేసుకుని అడవి దాటించాడు. ఆ కథ చెప్పమని ఎంత బతిమాలినా ఇంతే చెప్పేవారు: "పోరాటం అంటే ఏముందిరా, సగం నడుసుడు, సగం దాసుకొనుడు. నాకు నడుసుడు గాడికే అయిపోయింది."

అది క్లచ్ తొక్కలేని కాలు. అందుకే డెబ్భై దాటేదాకా ఎవరో ఒకరి బండి వెనక కూర్చునే తిరిగారు. ఆ తర్వాత క్లచ్ లేని ఆటోమేటిక్ కారు, క్లచ్ ఒక్కటి తప్ప అచ్చం నా కారు లాంటిదే, పాతది ఒకటి దొరికింది. నేర్చుకున్న నెలకే ఒక్కరే నడుపుకుంటూ ఆ తండాకు వెళ్లొచ్చారు. అవ్వ ఎప్పుడో పోయిందట, మనవలు ఉన్నారట. "నన్ను మోసుకపోతే బయటపడ్డ తండారా అది. ఇయ్యాల నా అంతట నేను పోయిన," అన్నారు. అప్పుడు ఆయన ముఖం చూడాలి, పెళ్లికొడుకు కూడా అట్లా ఉండడు.

కళ్లు మసకబారాక నడపడం మానేశారు. కారు అమ్మేయమని ఎవరైనా అంటే మాత్రం మండిపడేవారు. రోజూ పొద్దున పేపరు పట్టుకుని స్టీరింగు ముందు కూర్చుని, పది నిమిషాలు ఇంజను తిరగనిచ్చి, ఆపి దిగేవారు.

నా కారు ఇంజను పోయింది నా నిర్లక్ష్యం వల్లే. వేడెక్కుతోందని ముల్లు చెబుతున్నా, రైల్వే గేటు దాటాక చూద్దాంలే అనుకున్నాను. గేటు దాటకముందే పట్టేసింది. వేరే పాత ఇంజను దొరకాలంటే నెల పడుతుందన్నాడు మెకానిక్. నా కారులో వచ్చే ఒక ముసలవ్వకు అప్పటికే ఒక డయాలసిస్ తప్పి ముఖం ఉబ్బిపోయింది. ఆ సాయంత్రం సారు కర్ర పొడుచుకుంటూ మా వాకిట్లోకి వచ్చి తన కారు తాళం నా చేతిలో పెట్టారు. వద్దు సార్, మీకున్నది అదొక్కటే అన్నాను.

"ఉత్తగ తిప్పి ఆపుతున్నరా నేను. ఉరికేదాన్ని కట్టేసుకున్న. ముందుగాల ఆ అవ్వను తీస్కపో."

ఆయన కారుకు కిరాయి పర్మిట్ లేదు, అందుకే దాని ఇంజను విప్పి నా కారులో బిగించుకొమ్మన్నారు. ఆయన ఇంజనుకు క్లచ్ ఉండదు కదా. మెకానిక్ దాని వెనక పలకను విప్పేసి, నా పాత ఇంజనుకున్న ఫ్లైవీల్ అనే బరువు చక్రం, క్లచ్ ప్లేట్లు బిగించి, నా గేరుబాక్సుకు కలిపాడు. రెండు రోజుల పని. తీరా తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ మార్చాడు, స్టార్టరు మార్చాడు, తనను తాను తిట్టుకున్నాడు. స్టూలు మీద కూర్చుని చూస్తున్న సారు మెల్లగా మాట కదిపారు: "నా బండి గేరు పార్కింగుల ఉంటెనే స్టార్ట్ అయితది. వీని బండిల ఆ గేరే లేదు. అది గదాన్నే దేవులాడుతున్నదేమో జర చూడు నాయినా."

మెకానిక్ నాలుక కరుచుకున్నాడు. ఇంజనుతో పాటు దాని కంప్యూటరు డబ్బా, వైర్లు కూడా తెచ్చి పెట్టాడు మరి. అవి తీసి నా పాతవి బిగించగానే ఒక్క తిప్పుకు అందుకుంది. లెక్కల సారు కదా, లెక్క తప్పలేదు.

"ఇంజను నాది, ఎడమ కాలు నీది. ఇద్దరం గలిసి ఒక డ్రైవరయినం," అన్నారు సారు. నవ్వుతూనే అన్నారు. ఇంటికి వెళ్లాక బోలుగా మిగిలిన తన కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మూసి, కవరు కప్పారు.

ఆ మర్నాటి నుంచి నా కారులో ముందు సీటు ఆయనదే. దవాఖానకు పోయినా, చిల్పూరు గుట్ట గుడికి కిరాయి తగిలినా పక్కనే ఉండేవారు. నేను గేరు మార్చే ప్రతిసారీ ఆయన కర్ర మొనతో కింద మ్యాటును నొక్కేవారు. నా కంటే ముందే నొక్కి, ఆలస్యం చేశావని వెక్కిరించేవారు. ఇరవై ఏళ్ల నుంచి నడుపుతున్న నాకు క్లచ్ తొక్కడం నేర్పింది, ఒక్కనాడూ క్లచ్ తొక్కని ఆ మనిషే.

మంగళవారం ఆయన్ను ఇంటికి తెచ్చింది కూడా ఆ కారే. "అన్నా, వేరే బండి వద్దు. బాపు ఇంజనుంది గద," అంది కూతురు. వెనక సీట్లో ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముందు సీట్లో కర్ర ఒక్కటే. దారి పొడుగునా ఏడుస్తూనే నడిపాను. రైల్వే గేటు పడింది. క్లచ్ తొక్కి, అలవాటు కొద్దీ పక్కకు చూశాను. కింద మ్యాటులో రూపాయి బిళ్లంత చిల్లు, ఆ కర్ర అరగదీసింది. ఇంజను తిరుగుతూనే ఉంది.