బూట్లేసుకున్న మొక్కు

మొన్న కల్లూరులో మా వీధి మలుపు తిరిగానో లేదో, పక్కింటాయన స్కూటరు ఆపి "ఎక్కక్కా, యాడికి పోవల్ల?" అన్నాడు. ఎక్కడికీ లేదు, ఊరికే నడుస్తున్నానంటే వినడే! మా సీమలో బండి మీద పోయేవాడు నడిచే మనిషిని పిలవకపోతే తప్పు, పిలిచాక ఎక్కకపోతే అంతకన్నా పెద్ద తప్పు. నాకు క్యాన్సర్ చికిత్స ముగిసి నాలుగు నెలలయింది, డాక్టరమ్మ రోజూ అరగంట నడవమంది అని నడిరోడ్డు మీద చెప్పడానికి నోరు రాలేదు. ఎక్కాను. నాకే పనీ లేని కూరగాయల మార్కెట్ దగ్గర దిగి, షేర్ ఆటోలో ఇంటికొచ్చాను. అప్పుడు గుర్తొచ్చింది మా మేనత్త.

ఆమెది బనగానపల్లె పక్కన పల్లె. నా పెళ్లయిన కొత్తలో ఆమెకు రొమ్ములో గడ్డ తీసి, మందులెక్కించి, రేడియేషన్ కరెంటు పెట్టి, "ఇంక భయం లేదు" అని ఇంటికి పంపారు. భయం అప్పుడే మొదలైంది. చూడ్డానికొచ్చిన వాళ్లంతా బలానికని బుట్టల కొద్దీ మామిడిపండ్లు, నేతి లడ్లు తెచ్చేవాళ్లు. మంచం దిగనిస్తే ఒట్టు! ఏడాది తిరిగేసరికి ఒళ్లు వచ్చింది, ఒంటితోపాటు షుగరూ వచ్చింది. డాక్టరు కేకలేశాడు. ఇన్నాళ్లూ పడుకోమన్నారు, ఇప్పుడు నడవమంటున్నారు. ఇన్నాళ్లూ తినమన్నారు, ఇప్పుడు మానమంటున్నారు. పాపం, ఆమెకు దిక్కు తోచలేదు. నాలుగడుగులేసి ఆయాసమొస్తే, "ఇది అలవాటు లేకనా, ఆ పాడు రోగం మళ్లా వచ్చిందా మే?" అని నన్నడిగేది. నాకేం తెలుసు?

సరే, ధైర్యం చేసి రోడ్డెక్కింది. పెద్దరైతు భార్య నడిచిపోతుంటే ఊరు ఊరుకుంటుందా? ఒకడు ట్రాక్టరు ఆపేవాడు, ఇంకొకడు మోటారు సైకిలు. మొహమాటానికి ఎక్కి ఎక్కి, వారంలో మూడుసార్లు బనగానపల్లె బజారు చూసొచ్చింది, నడక మాత్రం సున్నా. మా మామకైతే తల కొట్టేసినట్టయింది. "ఇంట్లో జీపు పెట్టుకోని రోడ్డెంబడి కాళ్లీడ్చుకుంటా పోతాండావు, జనమేమనుకుంటారు?" అని రంకెలు. ఎనిమిదో రోజు బండి ఆగగానే అత్తకు ఏం తోచిందో, "మొక్కుండాది నాయనా, రోజూ ఆంజనేయస్వామి గుడిదాకా నడిచే పోవల్ల" అంది. బండాయన తలగుడ్డ తీసి దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఒక్క బండీ ఆగలేదు. మామ కూడా రంకెలు మానేశాడు.

కానీ మొక్కంటే వట్టికాళ్లతో నడవాలి కదా! మందులకు ఆమె పాదాలు మొద్దుబారాయి, ముల్లు దిగినా తెలియదు. పైగా షుగరు, బూట్లు లేకుండా గడప దాటొద్దన్నాడు డాక్టరు. నేత చీర కింద తెల్ల బూట్లు! దారిలో ఒక ముసలమ్మ పట్టేసుకుంది: "బూట్లేసుకోని మొక్కేందమ్మే, యాడన్నా ఉండాదా?" "ఆ స్వామే ఏసుకోమన్యాడు" అంది అత్త. ఇంటికొచ్చి మాత్రం కుమిలిపోయింది. "నేను దేవుని కోసరం నడుస్తాండానా, షుగరు కోసరం నడుస్తాండానా? అబద్ధమాడినానని స్వామి అలిగితే, ఈసారి రోగమొస్తే ఎవురు ఆపుతారు మే?" నేను నవ్వాను. ఇప్పుడు నా వంతు వచ్చాక, ఆ నవ్వు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

నిన్న ఆమెకు ఫోన్ చేశాను. డెబ్బై ఎనిమిదేళ్లు, ఇంకా నడుస్తోంది. నడకే కాపాడిందో, మందులో, స్వామో ఇప్పటికీ ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. "బండ్లు ఆపుతాండారత్తా, ఏం చెప్పల్ల?" అన్నాను. "నా మొక్కే చెప్పుకో పో, అది యింగా తీరల్యా" అంది. ఈ రోజు పొద్దున స్కూటరాయన మళ్లీ ఆగాడు. "మొక్కుండాదప్పా" అనేసి ముందుకు నడిచాను. వయసులో ఉన్నప్పుడు మొక్కులన్నీ త్వరగా తీరిపోవాలనుకునేదాన్ని. ఇదొక్కటి మాత్రం ఎన్నేళ్లయినా తీరకుండా ఉంటే బాగుండును.