తెనాలిలో స్నేహితుణ్ణి వదిలేసి అన్నానికి పరిగెత్తానట

ఈమధ్య మా బాపట్ల కాలేజీ పాత విద్యార్థులు ఒక సంచిక వేశారు. అందులో ప్రభాకరం మా తెనాలి ప్రయాణం గురించి నాలుగు పేజీలు రాశాడు. నా సహాధ్యాయి, పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఊరు సగం కూడా చూడకుండా నేను అన్నానికి వేళయిందని తనని వదిలేసి పారిపోయానట. ‘మా శాస్త్రికి స్నేహం కంటే విస్తరి ముఖ్యం’ అని చమత్కారం కూడా చేశాడు. చదివినవాళ్ళు ఫోన్ చేసి నవ్వారు. తెనాలి వెళ్ళాలనుకునేవాళ్ళకు దారి చెప్పినట్టూ ఉంటుంది, వాడికి జవాబు చెప్పినట్టూ ఉంటుందని ఇది రాస్తున్నాను.

అరవైల చివర్లో మాట. ప్రభాకరం రైల్వే ఆఫీసరు కొడుకు, ఎక్కడో దూరప్రాంతం నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. మాది రేపల్లెకు రెండు మైళ్ళ దూరంలో పల్లె. నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. నేను బాపట్లలో వారాలు చేసుకుని చదువుకున్నాను. అంటే వారంలో ఏడు రోజులు, ఏడు ఇళ్ళలో భోజనం. నియమం ఒక్కటే. రాకపోతే ముందే చెప్పాలి. చెప్పకుండా ఎగ్గొడితే ఆ వారం ఇంకో విద్యార్థికి పోతుంది, ఆ రోజు మనకు పస్తు. నా ఆదివారం కామేశ్వరమ్మ పిన్నిగారింట్లో. ఒకసారి జ్వరమొచ్చి కబురు పంపలేకపోయాను. ‘ఇంకోసారి ఇలా అయితే వేరే ఇల్లు చూసుకో’ అన్నారు వాళ్ళాయన. ఈ సంగతులేవీ ప్రభాకరానికి చెప్పలేదు. మేనత్త ఇంట్లో ఉంటున్నానని చెప్పాను. రేపల్లె వెళ్ళేటప్పుడు తెనాలి స్టేషన్లో బండి మారడమే తప్ప ఊళ్ళో అడుగు పెట్టనివాణ్ణి, ‘తెనాలి నాకు కొట్టినపిండి, చూపిస్తా పద’ అని కోతలు కూడా కోశాను.

ఆ ఆదివారం పిన్నిగారికి మధ్యాహ్నం రాననీ, రాత్రి ఏడింటికి తప్పకుండా వస్తాననీ చెప్పి, ప్రభాకరంతో ఉదయం ఏడు గంటల పాసింజరు ఎక్కాను. టిక్కెట్టు రూపాయి లోపే. పొన్నూరు మీదుగా గంటన్నర. తెనాలిలో దిగి టిఫిన్ చేసి, బజారంతా తిరిగాం. ఆ ఊరి అందం కాలవలే. ఊరి మధ్యనుంచే మూడు పారతాయి. వంతెన మీద నిలబడితే ఇటు అరటిగెలల బళ్ళు, అటు సినిమా గోడకాగితాలు. అన్నిటికంటే నాకు నచ్చింది నాటకాల దుస్తులు అద్దెకిచ్చే కొట్టు. గోడ నిండా కిరీటాలు, భుజకీర్తులు, మూల గదలు. ప్రభాకరం ఒక కిరీటం పెట్టుకుని తియ్యనంటాడు.

‘బాగుంది బాబూ, పద్యం కూడా వచ్చా?’ అన్నాడు కొట్టాయన.

‘పద్యం మావాడు పాడతాడు. నేను కూర్చుంటా.’

‘సింహాసనం రిపేరుకెళ్ళిందండి, నిలబడే ఏలుకోండి.’

వాళ్ళు నవ్వుతున్నారు. నేను గోడ గడియారం చూశాను. రెండున్నర. మళ్ళీ ఎప్పుడో చూస్తే అదే రెండున్నర.

‘బాబాయిగారూ, మీ గడియారం నడుస్తోందా?’

‘అది కూడా నాటకాలదే బాబూ. టైము నాలుగు దాటుంటుంది.’

బాపట్ల వైపు బండి అయిదింటికి. అది పోతే ఆదివారం పోయినట్టే. స్టేషనెటని అడిగితే కాలవ దాటమన్నాడు. మా పల్లెలో కాలవ ఒక్కటే కాబట్టి ఏ కాలవని అడగాలని తోచలేదు. కనపడిన వంతెన దాటేశాను. చాలా దూరం పోయాక ఎదురొచ్చిన రిక్షా అతను, ‘ఇటు పోతే అంగలకుదురు ఊరొస్తుంది బాబూ, స్టేషను వెనకుంది’ అన్నాడు. పరుగు తీశాను. వెనక ప్రభాకరం రొప్పుతూ, ‘తెనాలి కొట్టినపిండి అన్నావుగా! ఏంట్రా ఈ పరుగు, ఇంట్లో పెళ్ళాం గానీ ఉందా?’ అంటున్నాడు.

మేం చేరేసరికి రేపల్లె బండి కదలడానికి సిద్ధంగా ఉంది, మా బండి ఇంకా రాలేదు. ప్రభాకరం ఎగిరి రేపల్లె బండెక్కి కూర్చున్నాడు. ‘మీ ఊరు వెళ్దాం రారా, కృష్ణానది చూసి పొద్దున్నే వద్దాం.’

‘కుదరదు. దిగు.’

‘ఎందుకు కుదరదు?’

‘అత్తయ్య అన్నం పెట్టుకుని కూర్చుంటుంది.’

‘అన్నమా! తిండిపోతా, నేనొక్కణ్ణే పోతా చూడు.’

బండి కదిలింది. వాడు కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అరిచాడు. అవతలి ప్లాట్‌ఫారం మీదకు మా బండి వచ్చింది. ఎక్కేశాను.

అది పొన్నూరు దాటాక ఎక్కడో పొలాల మధ్య ఆగిపోయింది. నేను పిన్నిగారింటికి చేరేసరికి ఏడున్నర. వాళ్ళాయన అరుగు మీదే కూర్చుని ఉన్నారు.

‘ఏడన్నావు.’

‘బండి ఆగిపోయిందండి.’

లోపల్నుంచి పిన్నిగారు, ‘రైలుకి మన వంట వేళ తెలుస్తుందా ఏంటి? ముందు కాళ్ళు కడుక్కోనీండి’ అన్నారు. విస్తరి వేసే ఉంది. అరటికాయ కూర, చారు. నేను తిని లేచాక ఆవిడ పీట వాల్చుకున్నారు. వారాల పిల్లవాడు తినకుండా ఆవిడ తినరట. అన్ని ఆదివారాలు తిన్నా అది నాకు అప్పటిదాకా తెలియదు.

ఇదీ జరిగింది. విస్తరి ముఖ్యమా అంటే, అవును ముఖ్యమే. ఏడు ఇళ్ళ గుమ్మాలు ఎక్కనివాడికి అది చమత్కారం. ఆ రాత్రి రేపల్లె నుంచి తిరుగు బండి లేక, స్టేషన్ బల్ల మీద ఆకలితో పడుకున్నానని వాడు రాసుకున్నాడు. అది నిజమే. కానీ బండి కదిలేటప్పుడు వాడు అరిచిన మాట మాత్రం రాయలేదు. ‘మీ నాన్నగారి పేరన్నా చెప్పరా, మీ ఇంటికి పోతా!’ నాకు స్పష్టంగా వినపడింది. చెప్పి ఉంటే ఆ రెండు మైళ్ళు వాణ్ణి ఎవరైనా నడిపించేవారు, మా అమ్మ అన్నం పెట్టేది. మా తాటాకుల ఇల్లు చూస్తాడని, మేనత్త లేదని తెలిసిపోతుందని, విననట్టు తల తిప్పుకున్నాను. నాలుగు పేజీల్లో వాడు ఆ ఒక్క ముక్క మరిచిపోయాడో, కావాలనే వదిలేశాడో తెలియదు. నా పరువు కాపాడాలని వదిలేసి ఉంటే, వాడి మీద నాకున్న కోపాల్లో అదే పెద్దది.

తెనాలి వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. దారి అడిగితే ఏ కాలవో కూడా అడగండి. ఇంట్లో మీకోసం వంట చేసేవారికి ఎన్నింటికి వస్తారో చెప్పి, ఆ వేళకు రండి. వాళ్ళు కూడా తినకుండా ఉంటారు.