డ్రమ్ము బోర్లించిన రోజు

మా వైపు మిరప తోటలో మందు కొట్టేది మగాడు, కలిపేది ఆడది. ఎవరు పెట్టిన ఆచారమో తెలియదు గానీ ప్రత్తిపాడు నుంచి పర్చూరు దాకా ఏ చేలో చూసినా ఇదే వరస. ఆయన పంపు వీపుకు తగిలించుకుని సాళ్ళ వెంట పోతాడు. ఆమె కాలవలో నీళ్ళు బిందెతో తెచ్చి డ్రమ్ములో పోసి, మందు వంచి, కలిపి, ఖాళీ అయిన పంపు మళ్ళీ నింపుతుంది. పేరు మాత్రం ఆయనదే. "ఫలానా వాడు ఇవాళ మందు కొట్టాడు" అంటారు గానీ "ఫలానా ఆమె మందు కలిపింది" అని ఎవరూ అనగా నేను వినలేదు.

కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త నాకు నేర్పిన పని అది. కర్రతో తిప్పితే మందు అడుగునే పేరుకుంటుందని, మోచేతి దాకా చెయ్యి పెట్టి ఇడ్లీ పిండి కలిపినట్టు కలపమనేది. అలాగే కలిపాను. మూత తీసి వాసన కూడా చూసేవాళ్ళం. ముక్కు అదిరిపోతే మంచి మందు, లేకపోతే నీళ్ళ మందు. సబ్బుతో ఎంత రుద్దుకున్నా ఆ కంపు వదిలేది కాదు. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే కూర కంటే ముందు అదే తగిలేది.

ఒక మందుతో సరిపెట్టుకోవడం కూడా మాకు చేతకాదు. పురుగుకొకటి, ఆకు ముడతకొకటి, పూత నిలవడానికొకటి, కాయ మెరవడానికొకటి. షాపాయన ఇచ్చినవన్నీ ఒకే డ్రమ్ములో పడాల్సిందే. "ఎన్నిసార్లు తిరుగుతాంలే, ఒక్క దెబ్బకి అయిపోద్ది" అంటాడు మా ఆయన. పెళ్ళి భోజనంలో అన్నీ ఒక విస్తట్లో వడ్డిస్తారు గానీ ఒక గిన్నెలో కలిపి పెట్టరు కదయ్యా అని ఎగతాళి చేసేదాన్ని. ఎగతాళి చేస్తూనే కలిపేదాన్ని.

ఒక ఏడు కాయ ఎర్రబారే వేళ, గాలి ఎదురు కొడుతున్నా వినకుండా మందు కొడుతూ, మా ఆయన సాలు మధ్యలో కూలబడ్డాడు. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పట్టుకుని పరిగెత్తాను. నోటి వెంట చొంగ, ఒళ్ళంతా చెమట. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి. పక్క చేను వాళ్ళు ఆటో తెస్తే గుంటూరు తీసుకుపోయాం. అక్కడ డాక్టరు నాడి పట్టుకుంటూనే నన్ను అడిగిన మొదటి మాట, "ఏం మందమ్మా?"

కలిపింది నేనే. "షాపులో ఇచ్చినవండీ, అన్నీ కలిపాం" అన్నాను. ఆయన ఇంకోసారి అడగలేదు, చెయ్యాల్సింది మొదలుపెట్టాడు. గట్టు మీద పడేసిన డబ్బాలు ఏరుకుని రమ్మని మనిషిని పంపి, అవి వచ్చేదాకా ఆసుపత్రి వరండాలో ఎలా నిలబడ్డానో నాకే తెలుసు. డబ్బాలు చూసి డాక్టరు ఒకదాన్ని వేరు చేసి పెట్టాడు. అన్నిటికంటే ఎక్కువ విషమని గుర్తుగా ఎర్ర త్రికోణం అచ్చేసి ఉన్నది. "ఇదీ దొంగ" అన్నాడు. పప్పులో ఏం వేశానని అడిగితే తడుముకోకుండా చెప్పే మనిషిని, మొగుడి ఒంట్లోకి ఏం పోయిందో చెప్పలేకపోయాను. భయం కంటే కోపం ఎక్కువ వచ్చింది. నాకు చెప్పకుండా నా చేత కలిపించిన ప్రతివాడి మీదా వచ్చింది.

మా ఆయన బతికాడు. కుడి చెయ్యి మాత్రం ఇప్పటికీ టీ గ్లాసు ఎత్తేటప్పుడు వణుకుతుంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "ఆ మందు ఇంకోసారి ఒంటికి తగిలితే నా చేతుల్లో ఉండదు" అన్నాడు. పంట పనుల్లో పడి ఆ మాట మా ఆయన మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు.

తర్వాత ఊళ్ళో రైతుల మీటింగు పెడితే వ్యవసాయం ఆఫీసరమ్మ వచ్చింది. ఆడవాళ్ళం టీ ఇచ్చేదాకా ఉందామని వెనక బెంచీల మీద కూర్చున్నాం. ఎర్ర త్రికోణం మందుల్లో కొన్నింటిని చాలా దేశాలు ఎప్పుడో ఆపేశాయని, మన దగ్గరా ఒక్కొక్కటే ఆపుతున్నారని, అవి కొట్టిన కాయ పై దేశంలో ఓడ దిగాక కూడా వెనక్కి రావచ్చని చెప్పింది. మగవాళ్ళు ఓడ మాట దగ్గర చెవులు నిక్కబొడిచారు. నేను ఆ తర్వాతి మాట దగ్గర. ఇలాంటి మందు ఒక దేశం ఇంకో దేశానికి పంపాలంటే, ఇందులో ఇంత ప్రమాదముందని ముందే చెప్పాలట. అవతలి దేశం సరే అంటేనే పంపాలట. దేశాలన్నీ కూర్చుని అలా ఒప్పందం చేసుకున్నాయట.

లేచి నిలబడ్డాను. "దేశానికి చెప్తారు, బానే ఉందమ్మా. కలిపేదానికి ఎవరు చెప్తారు?"

మగవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. "మీరే అడగాలండీ. చెప్పందే తీసుకోకండి" అంది.

ఇంటికి నడుస్తూ మా ఆయనతో అన్నాను, ఇక నుంచి మన డ్రమ్ముకీ అదే చట్టమని.

"నువ్వో దేశానివి మరి" అన్నాడు.

"అవును, చిన్న దేశాన్నే. సరిహద్దు దాటి చూడు" అన్నాను.

చట్టం చెయ్యడం తేలికే. నల్ల తామర పురుగు వచ్చిన ఏడు తెలిసింది, నిలబెట్టుకోవడం ఎంత కష్టమో. పువ్వు విప్పి చూస్తే లోపల మసి రాలినట్టు నల్లగా కదులుతుండేవి. పూత పూతంతా రాలిపోయింది. కొందరు తోట పీకేసి జొన్న చల్లారు. నేను సాళ్ళ మధ్య నీలిరంగు జిగురు అట్టలు కట్టాను, వేపనూనె కొట్టించాను. పురుగు తగ్గింది గానీ పోలేదు. మా ఆయన అన్నం కూడా సరిగ్గా తినడం మానేశాడు.

ఒక పొద్దున షాపుకు పోయి వచ్చాడు. సంచిలోంచి తీసి డ్రమ్ము పక్కన పెట్టిన డబ్బా మీద ఎర్ర త్రికోణం. డాక్టరు వేరు చేసి పెట్టిన ఆ రకం డబ్బాయే. మర్చిపోయే మొహం కాదు అది.

"దీన్ని ఆపేశారన్నారుగా?"

"పాత సరుకు కాస్త మిగిలిందంట. మనకని లోపల్నించి తీసిచ్చాడు. కలుపు."

"కలపను."

"ఏందే పొద్దున్నే? తప్పుకో, నేనే కలుపుకుంటా."

బిందెలో నీళ్ళు గట్టు మీద పారబోశాను. డ్రమ్ము బోర్లించి, దాని మీదెక్కి కూర్చున్నాను. నా బరువు తక్కువేం కాదు. దారిన పోయే కూలీల ఆటో ఆగింది. "ఏరా, మీ ఆవిడకి ఇంట్లో కుర్చీ లేదా?" అని పక్క చేను ఆయన కేకేశాడు. మా ఆయన మొహం కందగడ్డ అయింది.

"తోట పోద్దే! కళ్ళ ముందే పోద్దే!" అని అరిచాడు. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపుంది. ఆ మొక్కలు నాటింది నేనూ.

"పోతే పోనియ్. తోట పోతే నర్సరీకి పోయి మళ్ళీ నారు తెచ్చుకుంటా. నువ్వు పోతే ఏ నర్సరీలో తెచ్చుకోనయ్యా?"

పక్క చేను ఆయన తల దించుకుని పోయాడు. ఆటో కదిలింది. మా ఆయన గట్టు మీద కూలబడి, కుడి చెయ్యి మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. వణుకు ఎవరికీ కనపడకూడదనుకుంటే అలా పెట్టుకుంటాడు. ఎండెక్కేదాకా నేను డ్రమ్ము మీద, ఆయన గట్టు మీద. చివరికి ఆయనే లేచి, "దిగు, అట్టలు మారుద్దాం. పాతవాటి నిండా పురుగు పట్టింది" అన్నాడు. డబ్బా నేనే తీసుకుపోయి షాపులో ఇచ్చి వచ్చాను.

ఆ ఏడు తోట నిలబడిందని అబద్ధం చెప్పను. కళ్లంలో ఆరబోసిన కాయ చూస్తే ఏడుపొచ్చింది. ఆ మందు కొట్టిన చేలల్లోనూ పండిందేం లేదు గానీ అది నాకు ఊరట కాదు, వాళ్ళూ మావాళ్ళే. చాన్నాళ్ళు మా ఇంట్లో మాటలు తక్కువ, గిన్నెల చప్పుడు ఎక్కువ. అయినా నేను మెత్తబడలేదు. పేరు చెప్పని డబ్బా ముట్టుకోను. ఒకదాంట్లో ఇంకోటి పొయ్యను. చేతికి తొడుగు లేకుండా, కర్ర లేకుండా కలపను. మొండిదాన్ని అన్నారు. అననియ్.

మొన్న పూత మొదలయ్యాక ఇద్దరం బండి మీద షాపుకు పోయాం. నేను బండి దగ్గరే ఆగాను. "బావా, కొత్తది దిగింది. వాసన చూడు, దెబ్బకి పురుగు ఠా" అన్నాడు షాపాయన, మూత తీస్తూ. బల్ల చుట్టూ రైతులున్నారు, అందరూ ఎరిగినవాళ్ళే. మా ఆయన వాసన చూడలేదు. వణికే చెయ్యి దాచుకోలేదు కూడా. ఆ చేత్తోనే డబ్బా అందుకుని, త్రికోణం రంగు చూసి, బల్ల మీద పెట్టాడు.

"ఇందులో ఏముందో ముందు మా ఆవిడకి చెప్పు. ఆమె సరేనంటేనే మా చేలోకి వచ్చేది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన తిరిగి చూడలేదు. అవసరమైతే నేనూ రంగంలోకి దిగుదామని కొంగు నడుముకు దోపుకున్నాను గానీ ఆ పని పడలేదు. షాపాయన కళ్ళజోడు వెతికి పెట్టుకున్నాడు. డబ్బా పట్టుకుని బండి దగ్గరికి నడిచొచ్చి, దాని మీద అచ్చేసింది మొదటి నుంచీ నాకు చదివి వినిపించాడు.