ముగ్గు పెట్టని వీధి

పోయిన వారం ఒకనాటి పొద్దున్న పాల ప్యాకెట్టు తీసుకుందామని తలుపు తెరిచిన నాకు, ఎదురింటి గుమ్మం ముందు అంటించి ఉన్న ప్లాస్టిక్ ముగ్గు మీద మట్టి బూటు అడుగులు రెండు కనిపించాయి. పుదుచ్చేరి మూలకుళంలో మేముండే ఈ అపార్టుమెంటులో అన్ని గుమ్మాల ముందూ అటువంటి ముగ్గులే కనుక, సామాన్లు తెచ్చేవాళ్ళూ మీటరు చూసేవాళ్ళూ రోజూ తొక్కుతూనే ఉంటారు కనుక, అందులో వింతేమీ లేదని మొదట నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ నడిచి వచ్చిన వాడి అడుగులు ఒకదాని ముందు ఒకటి పడతాయి. ఇవి పక్కపక్కనే, బూటు మొనలు తలుపువైపుకు తిరిగి ఉన్నాయి, అంటే ఎవరో వచ్చి ఆ తలుపుకు ఎదురుగా ఊరికే నిలబడి ఉన్నారు. ఆ ఇంట్లో ఈ ఏడాదే కాలేజీలో చేరిన మా యానాం పిల్ల ఒకతె అద్దెకు ఉంటోంది, తోడుండే అమ్మాయి ఈమధ్యే ఖాళీ చేసి వెళ్ళిపోయింది. పాల ప్యాకెట్టు అలాగే పట్టుకుని నేను చాలాసేపు గుమ్మంలో నిలబడిపోయాను, ఎందుకంటే అటువంటి అడుగుల జత నేను ఇదివరకు ఒకసారి చూశాను.

నా ఈడు వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు గానీ, ఆ రోజుల్లో ఆడపిల్లని పొరుగూరి చదువుకు పంపడమంటే ఇంట్లో పెద్ద రాద్ధాంతం. యానాం, పుదుచ్చేరి ఒకే ప్రభుత్వం కింద ఉన్నాయన్న మాటే గానీ మధ్యలో ఎంత దేశం ఉందో, కాకినాడలో రైలెక్కి, మద్రాసులో దిగి, అక్కడినుంచి బస్సులో ఒళ్ళు హూనం చేసుకుంటూ వచ్చిన వాళ్ళకే తెలుసు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లని నేనే. సీటు వచ్చిందని తెలిశాక మా నాన్న రెండు పూటలు అన్నం సరిగా తినలేదు, మూడో పూట తిన్నాక సరేనన్నాడు, అయితే అక్కడ ఏ చిన్న తేడా వచ్చిందని తన చెవిన పడినా మర్నాడే వచ్చి తీసుకుపోతానన్నాడు. ఆయన మాట అంటే అన్నట్టే. బస్సు కిటికీలోంచి అరటితోటలు వెనక్కి పోతుంటే నేను ఆ మాటే నెమరేసుకుంటూ వచ్చాను, ఏ తేడా రాకూడదు, వచ్చినా ఆయన చెవిన పడకూడదు అని.

నన్ను దింపిన ఇల్లు పుదుచ్చేరి కోసపాళయంలో, అమ్మవైపు దూరపు చుట్టరికం ఉన్న వాళ్ళది. ఆవిడని అత్తా అనీ, నూలు మిల్లులో షిఫ్టు పని చేసే ఆయన్ని మామా అనీ పిలవమన్నారు. వాళ్ళు ఎన్ని తరాల కిందట అక్కడికి వచ్చారో వాళ్ళకే తెలీదు, తెలుగు అక్షరం ముక్క రాదు, మాటలో సగం అరవం. మొదట్లో నాకు వాళ్ళ మాట అంతుపట్టేది కాదు, వాళ్ళకి నా మాట వింటే నవ్వాగేది కాదు. అండీ అండీ అని ఎంతసేపు సాగదీస్తావు పాపా, చెప్పేది చెప్పెయ్యి అని అత్త వేళాకోళం చేసేది. ఊరు నన్ను ఇంకా ఎక్కువ తికమకపెట్టింది. వీధులన్నీ గీత గీసినట్టు తిన్నగా, ఒకదానిలాగే ఇంకొకటి ఉండేసరికి, గిన్నెలకు కళాయి వేసే కొట్టు దగ్గర మలుపు తిరగాల్సింది దాటిపోయి, ఏడుపు మింగుకుంటూ తెలియని వాకిళ్ళ ముందు తిరిగిన సాయంత్రాలు ఎన్నో.

అత్తకు మోకాళ్ళ నొప్పులు. అందుకని తెల్లారగట్ట మిల్లు సైరను కూయకముందే లేచి వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ముగ్గు పెట్టే పని నేనే అడిగి తీసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఊళ్ళో నాకు చేతనైన పని అదొక్కటే అనిపించేది. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ గీత తెగకుండా తిప్పి మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలిపే మెలికల ముగ్గులు అత్త దగ్గరే నేర్చుకున్నాను, ఆ గీతలో ఎక్కడా సందు ఉండకూడదని, సందు ఉంటే అందులోంచి రాకూడనిది లోపలికి వస్తుందని ఆవిడ గట్టిగా నమ్మేది. ధనుర్మాసం వచ్చేసరికి వీధి వీధంతా పోటీ పడేది, మంచులో ఒక్కో గుమ్మం ముందు ఒక్కో లాంతరు, ముగ్గు మధ్యన పేడముద్ద, అందులో గుచ్చిన పసుపుపచ్చ గుమ్మడిపువ్వు. వంగి ముగ్గు పెడుతున్న ఆడవాళ్ళు తలెత్తకుండానే ఒకరినొకరు పలకరించుకునేవారు, నన్నూ పలకరించడం మొదలుపెట్టారు. ఈ ఊళ్ళో బతకగలనని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే.

ఆ నెలలోనే ఒకనాడు తెల్లవారాక చూస్తే నా ముగ్గును నిలువునా కోసేస్తూ సైకిలు చక్రం గీత ఉంది. పాలవాడై ఉంటాడులే అంది అత్త. మర్నాడూ అలాగే ఉంది. ఆ తర్వాత కూడా అంతే, నేను ముగ్గుపిండి డబ్బా లోపల పెట్టి పెరట్లో చేతులు కడుక్కుని వచ్చేలోపు, చక్రం మెట్టుదాకా వచ్చి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగిన గీత. మిగతా వాకిళ్ళ ముగ్గులు చెక్కుచెదరకుండా ఉండేవి. మా ముగ్గు మధ్యన గుమ్మడిపువ్వు ఒక్కటీ మాయమయ్యేది.

అలా కొన్నాళ్ళు గడిచాక కాలేజీ గేటు ఎదురుగా చెట్టుకింద నిలబెట్టిన సైకిలొకటి నా కంటబడింది. ముందు చక్రం టైరంతా తెల్లగా పిండి పట్టి ఉంది, హ్యాండిలుకు వడలిపోయిన గుమ్మడిపువ్వు కట్టి ఉంది. పక్కన నిలబడిన మనిషి ముప్ఫై ఏళ్ళ వాడు, ఉతికిన తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన తల, ఎవరూ వేలెత్తి చూపలేనట్టు పెద్దమనిషి తరహాగా ఉన్నాడు. ఈల వేయలేదు, మాట అనలేదు, నవ్వనైనా లేదు. నేను గేటు దాటేదాకా చూపు మాత్రం తిప్పుకోలేదు. ఆ మధ్యాహ్నం క్లాసులో మాస్టారు ఏం చెప్పారో ఒక్క ముక్క నాకు ఎక్కలేదు.

చెప్పడానికి నాకు నోరు రాలేదు. అత్తకు చెబితే నాన్నకు కబురు వెళుతుంది, పోలీసులకు చెబితే అంతకు ముందే వెళుతుంది, ఆయన వచ్చి పెట్టె సర్దమంటాడు, నా చదువు అక్కడితో సరి. అందుకని ముగ్గు పెందలాడే పెట్టి చూశాను, ఆలస్యంగా పెట్టి చూశాను, కాలేజీకి వేరే వీధుల్లోంచి వెళ్ళి దారి తప్పాను, దారి తప్పి తిరిగి తిరిగి వచ్చేసరికి మా వీధి మొగలో ఆ సైకిలు నిలబడి ఉండేది. ముద్ద దిగేది కాదు. ఇంటి బెంగ పట్టుకుందనుకుని అత్త నాకు ఇష్టమని చేపల పులుసు చేసి పెట్టేది, అది చూస్తే ఇంకా ఏడుపొచ్చేది.

ఒక శుక్రవారం పొద్దున్న గడపకు పసుపు రాద్దామని వంగిన అత్త, వంగినదల్లా ఆగిపోయింది. గడప మీద ముగ్గుపిండి అంటిన పాదాల గుర్తులు రెండు, పక్కపక్కనే, వేళ్ళు ఇంట్లోకి. నేను పెరట్లో చేతులు కడుక్కుంటున్నంతసేపూ ఆ మనిషి ఓరగా వేసిన తలుపుకు జానెడు దూరంలో నిలబడి ఉన్నాడన్నమాట. అత్త నా మొహం చూసింది, అంతే, ఇక నేను దాచలేకపోయాను. అంతా విని ఆవిడ అడిగింది ఒక్కటే.

"ఎన్నాళ్ళుగా పాపా ఇది?"

చెప్పాను. కాళ్ళ మీద పడినంత పని చేసి, మా నాన్నకి మాత్రం చెప్పకండి అత్తా అని బతిమాలాను.

"మీ నాయినకు నేనెందుకు చెప్పేది? నా వాకిట్లో జరిగింది నా వాకిట్లోనే తీరాల. రేపు తెల్లారి నీళ్ళు చల్లబాక. ముగ్గూ పెట్టబాక."

ముగ్గు లేని వాకిలంటే చావు జరిగిన ఇల్లని మనందరికీ తెలుసు. అందునా ధనుర్మాసం, అందునా పొరపాటున పసుపు డబ్బా బోర్లపడితేనే పుస్తెలు కళ్ళకద్దుకునే మనిషి అత్త. మామ అన్నం తింటూ ఇదంతా విని, తను బతికుండగానే ఆడవాళ్ళు తన వాకిలి పాడుపెడుతున్నారని, మిల్లులో ఎవరైనా అడిగితే సచ్చి డ్యూటీకి వచ్చినానని చెప్పేదా అని గొణిగాడు. అత్త నవ్వలేదు. ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి వీధిలో మా వాకిలొక్కటే బోసిగా ఉంది. సైరను ఆగీ ఆగకముందే మొదటి మనిషి వచ్చింది, పూలమ్మే ఆవిడ, ఎవరికి ఏమైందని గాభరాగా. తర్వాత పక్కింటి వాళ్ళు, ఆ తర్వాత ఎదురింట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ, వీధంతా అవ్వా అని పిలిచే మనిషి. అలా ఎండ వచ్చేసరికి ఇల్లంతా ఆడవాళ్ళు. అత్త ప్రతి ఒక్కరికీ అవే మాటలు, తెలుగువాళ్ళకు తెలుగులో, అరవవాళ్ళకు అరవంలో, ఓపిగ్గా చెప్పింది. ఎవరూ పోలేదు, ఈ బిడ్డ మా దగ్గర చదువుకోను వచ్చింది, ముగ్గు తొక్కి గడపెక్కే వాడొకడు వస్తాండాడు అని. అంతా విన్నాక అవ్వ గుమ్మంలోకి వెళ్ళి వీధిలోని వాకిళ్ళన్నీ ఒకసారి చూసి వచ్చింది.

"ఒక వాకిలి బోసిగా ఉంటే ఆ ఇంటికి చెడు," అంది చివరికి. "అన్ని వాకిళ్ళూ బోసిగా ఉంటే ఎవురికి చెడు?"

అవ్వే మళ్ళీ, "వచ్చేవాడికి," అంది.

ఆ మరునాటి తెల్లవారుజాము నేను చచ్చేదాకా మరిచిపోను. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక్క లాంతరు లేదు, ఒక్క చుక్క పిండి లేదు, మంచులో వీధి నల్లగా పడి ఉంది. ప్రతి గుమ్మంలోనూ ఒక ఆడమనిషి, పక్కన నీళ్ళ బిందె. నేను అత్త వెనకాల ఆవిడ కొంగు పట్టుకుని నిలబడ్డాను. సైరను కూసింది. కాసేపటికి వీధి మొగలో సైకిలు గొలుసు చప్పుడు వినిపించి, ఠక్కున ఆగిపోయింది.

వెనక్కి పోవడానికి మొహం చెల్లలేదేమో, అతను దిగి సైకిలు నడిపించుకుంటూ ముందుకే వచ్చాడు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ అడ్డం రాలేదు. అతను ఒక్కో గుమ్మం దాటగానే ఆ గుమ్మంలో మనిషి బిందె ఎత్తి అతని వెనకాల రోడ్డు మీద నీళ్ళు కుమ్మరించేది. శవం వెళ్ళిపోయాక వాకిలి కడుగుతారే, అలా. మొదటిసారి నీళ్ళు పడ్డప్పుడు అతను ఉలిక్కిపడి తిరిగి చూశాడు, తర్వాత చూడలేదు, తల వంచుకుని నడక వేగం పెంచాడు, కానీ నీళ్ళ చప్పుడు అతని వెనకాలే ఇల్లిల్లూ దాటుకుంటూ వచ్చింది. మా వాకిటి ముందుకు వచ్చినప్పుడు అతని నున్నటి మొహం పాలిపోయి ఉంది. అత్త బిందె ఎత్తి కుమ్మరించింది. ఆ చివర మలుపు తిరిగిన మనిషి మళ్ళీ నా కంటబడలేదు, ఎవరో, ఏమయ్యాడో ఈనాటికీ తెలీదు. అతను పోయాక గానీ లాంతర్లు వెలగలేదు, ముగ్గులు పడలేదు.

మా నాన్నకు ఆ సంగతి ఆయన పోయేదాకా తెలియనే లేదు. నేను చదువు ముగించాను, ఈ ఊళ్ళోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అత్త మాత్రం ఆ రోజునుంచి మామ షిఫ్టు దిగి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, గుమ్మంలోకి వచ్చి ఆయన వచ్చే దారి చూసేది కాదు, వాకిలి వైపు చూసేది. నా కోసం ఆవిడ దేన్ని పణం పెట్టిందో నాకు అప్పుడు అర్థమయ్యేది, ఆ ఋణం తీరేది కాదు. మామ నిండు వయసు దాకా బతికాడు. ఆయన పోయిన రోజు నేను వెళ్ళేసరికి వాకిలి బోసిగా ఉంది, అత్త నా చెయ్యి పట్టుకుని, "ఈ తూరి నిజంగానే పాపా," అంది.

పోయిన వారం ఆ బూటు అడుగులు చూశాక నేనొక పిచ్చి పని చేశాను. మా గుమ్మం ముందున్న ప్లాస్టిక్ ముగ్గు పీకేసి, నేల అలాగే వదిలేశాను. ఒకరోజు పోయింది, ఇంకో రోజు పోయింది, వారం అవుతోంది. లిఫ్టు దగ్గర ఎదురైన వాళ్ళు చిరునవ్వులు నవ్వారు, ఫోన్లు చూసుకున్నారు, ఈ ఇంట్లో ఎవరు పోయారని ఒక్కరూ అడగలేదు. తప్పు వాళ్ళది కాదు, అంటించిన ముగ్గుకి ఇంట్లో పెళ్ళయినా ఒకటే, చావైనా ఒకటే, దాన్ని చూడటం మనమే మానేశాం. బోసి వాకిలికి బలం ఉండేది, అది చూసి కంగారుగా వచ్చి అడిగేవాళ్ళు ఉండబట్టే.

ఈ పొద్దున్న ఎదురింటి ముగ్గు మీద అడుగులు మళ్ళీ కనిపించాయి, ఈసారి గుమ్మానికి ఇంకా దగ్గరగా. వెళ్ళి తలుపు తట్టాను. ఆ పిల్ల గొలుసు తీయకుండానే సందులోంచి చూసింది, కళ్ళ కింద నల్లటి చారలు. నేను ఏమీ అడగలేదు, కిందనున్న అడుగుల వైపు చూశానంతే.

"మా నాన్నకి మాత్రం చెప్పకండి ఆంటీ," అంది.

వెనక్కి తిరిగి చూస్తే వరండా పొడుగునా మూసిన తలుపులు, వాటి ముందు చెరగని ముగ్గులు. మొదటి ఇంటి బెల్లు నొక్కాను. లోపల టీవీ చప్పుడు తగ్గింది గానీ ఎవరూ రాలేదు. అత్త అయితే ఏం చేసేదో అనుకుంటూ మళ్ళీ నొక్కి, నిలబడ్డాను.