పెద్దబాపు జాబితాలో మేమందరం

కంప్యూటర్ నేర్చుకున్న కొత్తలో లోకమంతా తప్పుల తడకలా, దాన్ని సరిదిద్దడానికి మనమొక్కరమే పుట్టినట్టు కనిపిస్తుంది. కరీంనగర్‌లో మూడు నెలలు వెబ్ పేజీలు చేయడం నేర్చుకుని ఆసిఫాబాద్ దగ్గరి మా ఊరికి వచ్చేసరికి నాకూ అలాగే ఉండేది. వచ్చిన వారానికే మా చర్చి పాస్టరు (మేమంతా అయ్యగారు అంటాం) సంఘంలోని కుటుంబాలన్నిటితో ఒక పేజీ చేసిపెట్టమన్నారు. "గదెంత పని అయ్యగారూ!" అన్నాను, అప్పటికి నాకు బాగా వచ్చింది జాబితాలు రాయడం ఒక్కటే కనుక.

పద్ధతి తేలికే. ఇంటి పెద్ద పేరు ఒక వరుసలో, దాని కింద కాస్త లోపలికి పిల్లల పేర్లు. పిల్లలు అయిపోగానే ఆ లోపలి జాబితాను మూసే గుర్తు పెట్టాలి, అప్పుడే తరువాతి ఇల్లు మళ్లీ బయటి వరుసకు వస్తుంది. ఆఖర్న మిగిలినవి మూడిళ్లు: పెద్దబాపుది, మాది, అయ్యగారిది. పెద్దబాపు అంటే మా బాపుకు, అంటే మా నాన్నకు, అన్న. రెండిళ్ల మధ్య గోడ దగ్గర మాటా మాటా పెరిగి నాలుగేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు, చర్చిలో కూడా చెరో మూల కూర్చునేవారు.

ఆదివారం ఆరాధన అయ్యాక తెర కట్టి పేజీ చూపించారు. (ముందుగా ఒకసారి చూసుకోమని ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేదాన్ని కాదు.) పెద్దబాపు పేరు, కింద ఆయన ఇద్దరు కొడుకులు. మూడో కొడుకుగా మా బాపు, ఆయన కింద మనవరాలిగా నేను. నాలుగో కొడుకుగా అయ్యగారు! పెద్దబాపు కొడుకుల తరువాత ఆ మూసే గుర్తు పెట్టడం నేను మరిచిపోయాను.

బాపు లేచి నిలబడ్డాడు. "ఏందే గిది? నన్ను ఆయన ఇంట్ల ఎందుకేసినవ్?"

అన్నదమ్ములు మళ్లీ కలిసే దారేదైనా మిగిలి ఉంటే దాన్ని నా చేతులతోనే మూసేశాననిపించి ఏడుపొచ్చింది. "ఇప్పుడే సరిచేస్త బాపూ" అంటూ కీబోర్డు మీద పడ్డాను.

అవతలి మూల నుంచి పెద్దబాపు నవ్వు వినిపించింది. "ఆగు బిడ్డా. మా అవ్వ కూలికి పోతే వీన్ని సంకనేసుకొని తిప్పింది నేనే గదా. అయ్యగారిని జర బయటికి తియ్యి. తమ్మున్ని ఆడ్నే ఉండనియ్యి."

చర్చంతా నవ్వింది. బాపు నవ్వలేదు. వెళ్లి పెద్దబాపు పక్కన కూర్చున్నాడు. అమ్మయ్య అనుకుని నేను కుర్చీలో కూలబడ్డాను.

గోడ ఇప్పటికీ అక్కడే ఉంది, దాని మీదుగా కూర గిన్నెలు వస్తూ పోతూ ఉంటాయి. ఇప్పుడు నాకు పేజీలు చేయడమే ఉద్యోగం. కొత్తగా చేరినవాళ్లు గుర్తు మూయడం మరిచిపోతే గట్టిగానే కోప్పడతాను. మా చర్చి పేజీలో అయ్యగార్లు మారారు, పిల్లలకు పిల్లలు చేరారు. అప్పటి నాలోని తలబిరుసు పిల్ల చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటే దిద్దుకుంటూ వచ్చాను. బాపు మాత్రం ఇంకా పెద్దబాపుకు మూడో కొడుకే.