పేపరు మీద మొదటి పేరు

మా ఫార్మసీ కాలేజీ మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో ఉండేది. పేట్ బషీరాబాద్‌లోని ఇంటికి రావాలంటే మేడ్చల్‌లో బస్సు మారాలి. బస్టాండు ఎదురుగా ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. తిన్నగా ఇంటికి పోకుండా అందులో దూరి, నా పరిశోధన పేపరు పేరు కొట్టి, దాన్ని ప్రపంచంలో ఎవరైనా తమ పేపర్లో ప్రస్తావించారా అని వెతికేదాన్ని. ఒక్కోసారి పేజీ తెరుచుకునేలోపే కరెంటు పోయేది. ఒక్కోసారి తెరుచుకుని సున్నా చూపించేది. కరెంటు పోయిన రోజే నయమనిపించేది.

"ఇవాళైనా గాలానికి ఏమన్నా పడిందా?" అని మావారు గుమ్మంలోనే అడిగేవారు. ఆయనది ప్రభుత్వ ఉద్యోగం, సీనియారిటీ వస్తే ప్రమోషన్ దానంతటదే వస్తుంది. నేను ప్రొఫెసర్ కావాలంటే పరిశోధన చూపించాలి, దాన్ని ఎవరో ఒకరు పట్టించుకున్నారనీ చూపించాలి. ఆ ఎవరో ఒకరి కోసం నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఆయనకు నవ్వులాట.

ఆ పేపరంటే నాకు ప్రాణం. మందు ఎలా వాడాలో రోగికి చెప్పడం మా పిల్లలకు బ్లాక్‌బోర్డు మీద నేర్పేవాళ్లం. పరీక్షలో గడగడా రాసేవాళ్లు, మనిషి ఎదురుపడితే నోరు పెగిలేది కాదు. అందుకని సెలవులకు ఇంటికి పంపి, ఇంట్లో పెద్దవాళ్లకు వాళ్ల మందుల గురించి చెప్పమన్నాను. వాళ్లు అడిగే ప్రశ్నలు రాసుకు రమ్మన్నాను. రావల్‌కోల్ నుంచి వచ్చే ఒక విద్యార్థిని తల పట్టుకుని వచ్చింది.

"మా అవ్వ మస్తు పరేషాన్ జేసింది మేడమ్. గోలీ అన్నం ముందుగాల ఏసుకో అన్న. నేను అన్నం ఎప్పుడు తింటనో నాకే తెల్వదు, పొలం కాడికెళ్లి వచ్చినంక గదా తినేది అంటది. ఇగ నేనేం జెప్పాలె?"

నాకు కావలసింది సరిగ్గా అదే. ఆ ప్రశ్న చుట్టూనే పాఠం మార్చాను. రెండేళ్లు పిల్లల వెంట తిరిగి పేపరు రాశాను.

రాసి, పైన మొదటి పేరుగా మా ప్రిన్సిపాల్ గారిది పెట్టాను, దాని కింద నాది. ఎవరూ బలవంతం చేయలేదు. మా కాలేజీలో అందరూ అలాగే పెట్టేవాళ్లు. శుభలేఖలో పైన పెద్దవాళ్ల పేరు వేస్తాం కదా, అలాగన్నమాట. పెళ్లి ఎవరిదో ఎలాగూ అందరికీ తెలుసనుకున్నాను.

ఒక సాయంత్రం సున్నా పోయి ఒకటి వచ్చింది. ఎక్కడో వేరే దేశంలో ఒకాయన నా పద్ధతిని మెచ్చుకుంటూ రాశాడు. సెంటర్ నడిపే అతను భయపడేంత గట్టిగా అరిచాను. ప్రింటు తీయించుకుని, బస్సులో నిలబడే చదివాను. పద్ధతి నాది. అవ్వ ప్రశ్న కూడా ఉంది. ఎవరు చేశారంటే, అలాంటి చోట మొదటి పేరొక్కటే వేస్తారు కాబట్టి, మా ప్రిన్సిపాల్ గారి ఇంటిపేరు, పక్కన 'తదితరులు' అని ఉంది. నా స్టాపు దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను.

ప్రమోషన్ ఇంటర్వ్యూలో ఆ ప్రింటే బల్ల మీద పెట్టాను. బయటి నుంచి వచ్చిన పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, "అంటే ప్రిన్సిపాల్ గారి పరిశోధనలో మీరూ సాయం చేశారన్నమాట" అన్నారు.

"ఆలోచన నాదండీ. పనీ నాదే" అన్నాను. అందరూ ప్రిన్సిపాల్ గారి వైపు చూశారు. ఆయన ఎంతో ఆప్యాయంగా తలూపి, "అవునవును, అమ్మాయి బాగా కష్టపడింది" అన్నారు. తిట్టినా అంత మండేది కాదు. ఆ ఏడు ప్రొఫెసర్ ఆర్డరు రాలేదు.

తర్వాత ఆ రావల్‌కోల్ అమ్మాయే నా దగ్గర ఎం.ఫార్మసీలో చేరింది. చదవడం రాని వాళ్లకు మాత్రల పొట్లం మీద ఏ బొమ్మ వేస్తే అర్థమవుతుందో ఊరూరా తిరిగి చూసింది. పేపరు రాసి తెచ్చింది. పైన ప్రిన్సిపాల్ గారి పేరు, దాని కింద నాది, అందరికంటే కింద తనది. కలం తీసి ఆయన పేరు కొట్టేశాను. ఇప్పుడు అన్నిటికంటే పైన నా పేరు. చూడటానికి ఎంత బాగుందో! ఇంకో పేపరు, మొదటి పేరు, వచ్చే ఇంటర్వ్యూ, అన్నీ కళ్లముందు తిరిగాయి. కలం మూత పెట్టాను. మళ్లీ తీశాను. ఆ అమ్మాయి పేరు పైకి మార్చాను.

"అట్ల జెయ్యకుండ్రి మేడమ్. గురువు పేరు కిందేస్తవా అని మా నాయిన తిడ్తడు" అంది.

"తిట్టనీ. పని ఎవరిదమ్మా?"

"నాదే."

"ఇంకేం మరి!"

ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. "నా పేరు జారిపోయినట్టుందమ్మా" అన్నారు మెత్తగా. "జారిపోలేదు సార్. పెట్టలేదు" అన్నాను. ఆయన నాతో మాట్లాడటం మానేశారు. మధ్యాహ్నం ప్రాక్టికల్సన్నీ నాకే వచ్చిపడ్డాయి. ప్రొఫెసర్ ఆర్డరు ఇంకా ఆలస్యమైంది, ఆయన వెళ్లిపోయాక గానీ రాలేదు.

అప్పటికి ఇంట్లోకే ఇంటర్నెట్ వచ్చింది, నా వెతుకులాట మాత్రం పోలేదు. ఒక రోజు ఆ బొమ్మల పేపరును ఎవరో ప్రస్తావించడం కనబడింది. రావల్‌కోల్ అమ్మాయి ఇంటిపేరు, పక్కన 'తదితరులు'. వెంటనే ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. అటు నుంచి అరుపు వినబడింది, ఆనాడు ఇంటర్నెట్ సెంటర్లో నేను అరిచినట్టే.

ఫోన్ పెట్టేసి మళ్లీ తెర వైపు చూశాను. ఆ 'తదితరులు'లో ఉన్నది నేను ఒక్కదాన్నే. సంతోషంగానే ఉంది. కాస్త మంటగా కూడా ఉంది, అబద్ధమెందుకు.